ప్రాణహిత ఒడ్డున టెలివిజను నవ్వులు

ఉగాది సంచికలో పంచాంగ ఫలితాలు, పద్యాలు, పెద్దల జీవిత విశేషాలు ఉండవలె గాని, టెలివిజనులో వచ్చే హాస్య కార్యక్రమాల చరిత్ర ఎందుకని కొందరు పెద్దలు అడుగవచ్చు. వారికి మా మనవి ఒక్కటే. సిరోంచ తాలూకాలో బడి చదువు ప్రధానంగా మరాఠీలో సాగింది. పలక మీద మరాఠీ అక్షరాలు దిద్దిన పిల్లవానికి తెలుగు కంటి ద్వారా వచ్చే దారి ఇరుకైనది. చెవి ద్వారానే రావలె. అమ్మమ్మ నోట వచ్చింది, పెండ్లిపాటలో వచ్చింది, తర్వాతి కాలంలో టెలివిజను నవ్వులో వచ్చింది. ఆ మూడవ దారి ఎట్లా పడిందో, అది మన వద్దకు రావడానికి ఎందుకు అంత ఆలస్యమైందో వ్రాసి ఉంచిన వారు మాకు కనబడలేదు. అందుకే ఈ ప్రయత్నం.

రేడియోవారు చాలాకాలం క్రిందటనే ఒక మంచి మాట ఏర్పరచారు: కదంబ కార్యక్రమం. మరువము, మల్లె, కనకాంబరం కలిపి కట్టిన దండ వంటిదన్న మాట. ఒక చిన్న నాటిక, ఒక పాట, ఒకరి అనుకరణ, మధ్య మధ్య ఒక పెద్దమనిషి వచ్చి చెప్పే ముక్తసరి మాటలు, ఇదే దాని స్వరూపం. టెలివిజను పుట్టిన తొలి రోజులలో లోకమంతటా దీనికే పట్టం కట్టారు. అమెరికాలో 1948 జూనులో రెండు వారాల తేడాలో ఇటువంటివి రెండు మొదలైనవి. మిల్టన్ బెర్లీ అనే హాస్యగాడు నడిపినది ఒకటి, ఎడ్ సల్లివన్ అనే పత్రికా విలేఖరి నడిపినది రెండవది. బెర్లీ స్త్రీవేషం కట్టి నవ్వించాడు. సల్లివన్‌కు పాటా రాదు, ఆటా రాదు, నవ్వు మొగం కూడా అంతంత మాత్రమే. అయినా ఆయన కార్యక్రమం 1971 వరకు, అనగా 23 సంవత్సరాలు ఆదివారం రాత్రి నడిచింది. జపానులో ‘ది డ్రిఫ్టర్స్’ అనే బృందం 1969 నుండి 1985 వరకు శనివారం రాత్రి ఎనిమిది గంటలకు జనం నిండిన హాలులో నుండి నేరుగా హాస్యం ప్రసారం చేసింది. ఇవన్నీ కొత్త యంత్రంలో పోసిన పాత సరుకే. వాడవాడలా తిరిగే నాటక కంపెనీలవారే కెమెరా ముందుకు వచ్చి నిలబడ్డారు.

మన వైపు ఆ పాత సరుకుకు కొదవ ఏనాడూ లేదు. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరివచ్చి ఊరి కబుర్లు మాట్లాడిపోతారు. బుర్రకథలో కథకునికి ఒక ప్రక్క హాస్యం చెప్పేవాడు, మరొక ప్రక్క రాజకీయం చెప్పేవాడు ఉంటారు. చిందు యక్షగానంలో బుడ్డర్‌ఖాన్ వేషం కనబడగానే నిద్రపోయే పిల్లలు లేచి కూర్చుంటారు. మా గడ్చిరోలి జిల్లాకు ఇంకొక భాగ్యం ఉన్నది. వడసా కేంద్రంగా ఝాడీపట్టీ నాటకరంగం అని మరాఠీవారి పెద్ద సంప్రదాయం నడుస్తున్నది. వరికోతలు అయిన తరువాత, దీపావళి నుండి హోలీ దాకా, రాత్రంతా నాటకాలు. అందులో హాస్యపాత్రలకు పేరుపొందిన పరశురాం ఖుణే గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అడవి జిల్లా అని ఇతరులు జాలిపడే గడ్చిరోలికి నవ్వుల పంట మీద వచ్చిన గౌరవమది. ఈ మాట మన సంచికలో ఒకచోట అచ్చు కావలెనని మా కోరిక.

ఇక సిరోంచ సంగతి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున ఉన్న ఈ ఊరు 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానం. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు వారి గోదావరి జిల్లాలో కలిసినవి. సిరోంచ మాత్రం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లాలో తహసీలుగా మిగిలింది. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుండి మహారాష్ట్రం, 1982లో చంద్రపూరు నుండి విడదీసిన గడ్చిరోలి జిల్లా. ఇంటి గడప ఉన్నచోటనే ఉన్నది, పైనున్న రాజధాని మాత్రం నాగపూరు, బొంబాయి అని మారుతూ పోయింది. మేము ఊరు కదలలేదు, సరిహద్దు గీతలే మమ్మల్ని ప్రవాసులను చేసినవి.

ఈ గీతలను రేడియో లెక్కచేయలేదు. మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకొని పోతుంది, రాత్రివేళ ఆకాశం మీద తగిలి మరింత దూరం దిగుతుంది. హైదరాబాదు రేడియో కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం వాదులాడుకుంటే ఆ మాటలకు గోదావరి అడ్డు కాలేదు. సముద్రం అవతల సిలోను నుండి మీనాక్షి పొన్నుదొరై గారి తెలుగు మాట వినబడిన రోజులలో నది ఒక లెక్కా?

టెలివిజను అట్లా కాదు. దాని తరంగం చూపువంటిది, కంటికి అడ్డమైనదల్లా దానికీ అడ్డమే. ఎంత ఎత్తు స్తంభం నుండి పంపినా సుమారు నూరు కిలోమీటర్లు దాటేసరికి నీరసిస్తుంది. భూమి గుండ్రంగా ఉండటం చేత అవతలివారు అంచు క్రిందికి పోతారు. కాబట్టి ఏ ఊరికి ఏ భాష టెలివిజను రావలెనన్నది గాలి నిర్ణయించలేదు, సర్కారు వారు ఏ గుట్ట మీద ఏ స్తంభం నాటుతారన్నదే నిర్ణయించింది.

దీనికి ముందు ఒక చిత్రమైన ఘట్టం ఉన్నది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకొని మన దేశం ‘సైట్’ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు సెట్లు ఇచ్చి, కోళ్ళగూటి వలవంటి తీగతో అల్లిన పది అడుగుల గొడుగు ఆంటెన్నాలు నిలబెట్టి, వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల పాఠాలు, వాటితోబాటు కొంత వినోదం చూపించారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తెలుగు కార్యక్రమాలు తయారు చేయడానికి హైదరాబాదులో కేంద్రం వెలసింది. ఢిల్లీ, కటకం, హైదరాబాదు, ఈ మూడుచోట్లనే అటువంటి కేంద్రాలు. మహారాష్ట్ర ఆ జాబితాలో లేదు, మరాఠీ భాషా లేదు. ఉపగ్రహం పైనుండి చల్లిన తెలుగు సిరోంచ ఇండ్ల కప్పుల మీద కూడా పడి ఉంటుంది. పట్టే గొడుగు లేదు గనుక ఎవరికీ తెలియకుండానే అది కాస్తా పోయింది. దేశంలో పల్లెటూరి టెలివిజనుకు నాంది పలికిన సంవత్సరంలో, తెలుగు మాట్లాడే పల్లెలై ఉండి కూడా మావి లెక్కకు రాలేదు. ఎవరూ పనిగట్టుకొని చేసినది కాదు, రాష్ట్రాల పట్టిక ముందు పెట్టుకొని పని చేసినప్పుడు ఇట్లాగే జరుగుతుంది.

బొంబాయిలో అప్పటికే టెలివిజను వచ్చి ఉన్నది, 1972 అక్టోబరు 2న. ఆ కేంద్రం మరాఠీవారికి ‘గజరా’ అనే కార్యక్రమం ఇచ్చింది. గజరా అంటే స్త్రీలు కొప్పులో ముడుచుకొనే పూలదండ. చిన్న చిన్న హాస్య నాటికలు గ్రుచ్చిన దండ కాబట్టి ఆ పేరు సరిగ్గా అతికింది, మన ‘కదంబం’ అన్న మాటకు అక్కచెల్లెలి వంటిది. వినాయక్ చాస్కర్ గారు దాని నిర్మాత. పగలు ఆఫీసులో పనిచేసి రాత్రి నాటకాలాడే మధ్యతరగతి నటులకు అది చదువుకొనే బడి అయింది. 1970ల చివరన చిం.వి. జోషీ గారి కథల ఆధారంగా ‘చిమణరావు – గుండ్యాభావు’ వచ్చింది. దిలీప్ ప్రభావళ్కర్ చిమణరావు, బాళ్ కర్వే గుండ్యాభావు. ఈ ఇద్దరి పేర్లు చెబితే ముంబయి, పుణె నగరాలలోని పెద్దవయసువారు కుర్చీలో కదిలి కూర్చొని నవ్వు మొదలుపెడతారు. అయితే అది సదాశివ పేట, గిర్‌గావ్ వాడల నవ్వు. ఏడువందల యాభై కిలోమీటర్ల అవతల అడవి అంచున ఉన్న తెలుగువాడికి ఆ వాడ ఏమి తెలుసు, ఆ మామిడిపండు రసపు విందు వెక్కిరింత ఏమి తెలుసు?

హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. పటం ముందు పెట్టుకొని సూటిగా గీత గీసి కొలిచి చూడండి. సిరోంచ నుండి హైదరాబాదు సుమారు 225 కిలోమీటర్లు, నాగపూరు సుమారు 270, ముంబయి సుమారు 750. భాషా హైదరాబాదుదే, దగ్గరతనమూ హైదరాబాదుదే. మనకు రాసిపెట్టినది మాత్రం ముంబయి. 1982లో రంగుల టెలివిజను, దేశమంతటికీ ఒకే కార్యక్రమం వచ్చినవి. 1984 ప్రాంతంలో చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లను ఒకదాని వెంట ఒకటి దేశమంతా నాటారు. అవి ఢిల్లీ నుండి వచ్చినది, ఆ తరువాత తమ రాష్ట్ర రాజధాని నుండి వచ్చినది ప్రసారం చేసేవి. గడ్చిరోలి మహారాష్ట్రలో ఉన్నది గనుక మరాఠీయే. ఆ సంవత్సరమే హిందీలో ‘యే జో హై జిందగీ’ వచ్చింది. సతీష్ షా వారం వారం వేరు వేరు వేషంతో వచ్చేవారు. ఒక వారం ఒక ప్రాంతపు మనిషి, మరొక వారం మరొక ప్రాంతపు మనిషి. పగటివేషగాని విద్యనే ఆయన నగరపు ఇంటిలోకి తెచ్చారని మా అభిప్రాయం. 2025 అక్టోబరులో ఆయన కాలం చేశారు.

తెలుగు దూరదర్శన్‌లో హాస్యానికి గట్టి పేరు తెచ్చినది ‘ఆనందో బ్రహ్మ’. పేరు తైత్తిరీయోపనిషత్తు నుండి, వ్యవహారమంతా ఇరుగుపొరుగు ఇండ్లది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారికి ఇంటింటా గుర్తింపు ఇచ్చినది ఇదే. ప్రకాశం జిల్లాలో 1954లో పుట్టిన ఆయన, నాటకం మీది మోజుతో టెలివిజనుకు వచ్చి, అక్కడినుండి సినిమాకు పోయారు. 2001లో వచ్చిన ‘నువ్వు నేను’ సినిమాలోని కాలేజీ మేష్టారు వేషం చూడనివారు అరుదు. 2013 డిసెంబరు 7న స్వర్గస్థులయ్యారు. ఆయన నవ్వించే తీరులో అరుపు లేదు. చెప్పదలచిన మాటను కొంచెం సాగదీసి, ఎదుటివాని మొగం చూసి, ఆగి, మళ్ళీ అందుకొనేవారు. పెండ్లిపందిట్లో కూర్చున్న మేనమామ ఇట్లాగే మాట్లాడుతాడు. అందుకే తెలుగిండ్లలో ఆయన పరాయివాడుగా కనబడలేదు.

ఆ రోజులలో గోదావరి దక్షిణపు ఒడ్డువారికి అవన్నీ అందుబాటులో ఉండేవి. వంతెన పడకముందు పడవ దిగి కాళేశ్వరం పోయివచ్చే మనవారు దర్శనంతోబాటు నిన్నటి టెలివిజను ముచ్చట కూడా విని వచ్చేవారు. నవ్వు చేతులు మారి వస్తే సగం అరిగిపోతుంది. చూసినవాడు చెబుతూ తానే ముందు నవ్వుతాడు, విన్నవాడు మర్యాదకు నవ్వుతాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద కొంత ఆగవలె. హాస్యం దేనిమీద నిలబడుతుంది? భాష ఒక్కటే చాలునా? చాలదని మా అనుభవం. గ్రామంలో భూమి లెక్కలు వ్రాసేవానిని మహారాష్ట్రలో తలాఠీ అంటారు, తెలంగాణలో పట్వారీ అనేవారు, కోస్తాలో కరణం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ పాత గ్రామాధికారుల పద్ధతి తీసివేశారు. మరుసటి యేడు మండలాలు వచ్చినవి, వాటితో ఎమ్మార్వో వచ్చాడు. అప్పటినుండి తెలుగు హాస్యంలో ఎమ్మార్వో ఆఫీసు ఒక గని అయింది. సిరోంచవానికి మండలమూ లేదు, ఎమ్మార్వో లేడు. తాలూకా ఉన్నది, తలాఠీ ఉన్నాడు. అవతలి ఒడ్డున ఆర్టీసీ బస్సు, ఇవతలి ఒడ్డున ఎస్టీ బస్సు. అక్కడ ఎడ్లకు ఏరువాక, ఇక్కడ పోళా. ఉగాది నాడు ఇదే ఊరిలో ఒక ఇంటి ముందు గుడి నిలబెడతారు, ప్రక్క ఇంటిలో వేపపూత పచ్చడి కలుపుతారు, రెండూ చేసే ఇండ్లూ ఉన్నవి. ఇటువంటి ఇంటిమీద హాస్యం వ్రాసినవాడు ముంబయిలో లేడు, హైదరాబాదులోనూ లేడు. మరాఠీ కదంబంలో మాకు తలాఠీ తెలుస్తాడు, వాని మాట చమత్కారం జారిపోతుంది. తెలుగు కదంబంలో మాట తేనెవలె దిగుతుంది, కాని ఎవరి మీద వేళాకోళమో ప్రక్కవానిని అడుగవలె. రెండు వైపులా అర నవ్వే మనకు దక్కింది. రెండు అరలు కలిపితే ఒకటి కావలెను గదా అనవచ్చు. నవ్వుల లెక్కలో అట్లా కాదు.

ఉపగ్రహం నుండి నేరుగా ఇంటికి దిగే చానెళ్ళు వచ్చిన తరువాత స్తంభాల ఏలుబడి పోయింది. 1995లో జెమినీ, అదే సంవత్సరం ఆగస్టులో ఈటీవీ మొదలైనవి. కేబులు తీగ ఉన్న ఊరికి తెలుగు వచ్చింది. తీగ పోని అడవి పల్లెలకు 2004 డిసెంబరులో దూరదర్శన్ వారు మొదలుపెట్టిన ఉచిత డిష్ పద్ధతి మేలు చేసింది. నెల నెలా కట్టవలసినది లేదు, ఒకసారి గొడుగు కొంటే చాలు, అన్ని భాషల దూరదర్శన్‌లతోబాటు తెలుగు దూరదర్శన్ కూడా దిగుతుంది. సైట్ ప్రయోగంనాడు పట్టే గొడుగు లేక జారిపోయిన తెలుగు, దాదాపు ముప్పై యేళ్ళ తరువాత రెండడుగుల గొడుగులో పడింది.

ఈటీవీలో 2013 ఫిబ్రవరిలో ‘జబర్దస్త్’ వచ్చింది. బృందాలు, వాటికి నాయకులు, పది నిమిషాల నాటికలు, న్యాయనిర్ణేతలుగా నాగబాబు, రోజా గార్లు, గెలిచినవారికి బహుమతి. వారం వారం పదేళ్ళు దాటి సాగింది. తొలి దశాబ్దాల కదంబం మళ్ళీ పుట్టినట్టే. మగవారు స్త్రీవేషం కట్టడం మిల్టన్ బెర్లీనీ, మన భాగవతులనూ ఒకేసారి జ్ఞాపకం చేసింది. మోటు మాటలు మితిమీరినవని, ఆడవారిని చులకన చేస్తున్నారని వచ్చిన విమర్శ న్యాయమైనదే. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని చూడలేని వారాలు చాలా ఉన్నవి. మరాఠీలో 2014లో జీ మరాఠీ వారి ‘చలా హవా యేవూ ద్యా’ మొదలై దశాబ్దం నడిచింది. నీలేష్ సాబళే దాని సూత్రధారి. సరిహద్దు ఇండ్లలో ఇప్పుడు ఒకే రాత్రి రెండు భాషల నవ్వూ అందుబాటులో ఉన్నది. రిమోటు ఎవరిచేతిలో ఉంటే వారి భాష.

కాని మాకు గుచ్చుకొనే విషయం వేరొకటి ఉన్నది. తెలుగు సినిమాలోను, దాని వెంట టెలివిజనులోను చాలాకాలం నాయకుడు, నాయిక ఒక తెలుగు మాట్లాడారు, నౌకరు, రౌడీ, వెర్రిబాగులవాడు మరొక తెలుగు మాట్లాడారు. ఆ రెండవది తెలంగాణపు యాస. సిరోంచవారి మాట దానికి తోబుట్టువు, పైన కొంత మరాఠీ పోపు. బడిలో తెలుగు అక్షరం దొరకని మా పిల్లవాడు టెలివిజనులో తన అమ్మమ్మ పలుకుబడి విన్న ప్రతిసారీ చుట్టూ జనం నవ్వుతూ ఉండటం చూశాడు. మాట మీద నవ్వారో మనిషి మీద నవ్వారో తేల్చుకొనే వయసు వానిది కాదు. బజారులో తెలుగు మాట్లాడితే నవ్వుతారని మరాఠీకి మారినవారిని మేము ఎరుగుదుము. ఆ నవ్వును వారు మరాఠీవారి వద్ద నేర్చుకోలేదు, తెలుగు తెర వద్దనే నేర్చుకొన్నారు. హాస్య కదంబం మన చెవికి తెలుగు నిలబెట్టిందని పైన వ్రాశాము. అదే కదంబం సిగ్గు కూడా నేర్పిందని ఇక్కడ వ్రాయక తప్పదు.

2023 మార్చి 3న ‘బలగం’ సినిమా విడుదలైంది. దర్శకుడు వేణు ఎల్దండి, అనగా జబర్దస్త్‌లో ‘వేణు వండర్స్’ బృందం నడిపిన వేణుయే. తెలంగాణ పల్లెలో ఒక తాత చనిపోతాడు, పిండం పెడితే కాకి ముట్టదు, ఆ పదకొండు రోజుల కథ. అందరూ ఒకే యాస మాట్లాడుతారు, నాయకుడు, నాయిక, మామ, కోడలు సహా. నవ్వు ఉన్నది, పుష్కలంగా ఉన్నది. యాస మీద మాత్రం ఒక్క నవ్వు లేదు. చివర బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే ఘట్టంలో హాళ్ళలో జనం వెక్కి వెక్కి ఏడ్చారు. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. పది నిమిషాల టెలివిజను నాటికలతో పేరు తెచ్చుకొన్నవాడు, ఆ నాటికలు నవ్వులపాలు చేసిన మాటతోనే ఇంత పని చేయగలిగాడంటే, తప్పు కదంబానిది కాదు, దారం పట్టినవారిదే అనిపిస్తుంది. పరశురాం ఖుణే గారి జిల్లాలో, కాళేశ్వరం ఎదుట, రెండు భాషలూ నోట ఉన్నవారికి ఆ దారం పట్టుకొనే అర్హత తక్కువేమీ కాదు.

ఈ యేటి ఉగాది సాయంకాలం మన వేదిక మీద పిల్లలు ఒక హాస్య నాటిక వేస్తున్నారని, అందులో తలాఠీ వేషం ఒకటి ఉన్నదని తెలిసింది. ఆ తలాఠీకి పుస్తకాల తెలుగు వ్రాయవద్దని, సిరోంచ బజారులో వినబడే మాటలే వ్రాయవలసినదని నాటిక వ్రాసేవారిని కోరుతున్నాము. అర్థం కాని హైదరాబాదు చుట్టాలెవరైనా వస్తే ప్రక్కన కూర్చొని చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాము.